బేస్ కొట్టగానే ఆంప్ ఎందుకు ఆగిపోతోంది? మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకటే గోల. పాట మాంచి ఊపులో ఉండగా కార్లో సబ్‌వూఫర్ (బేస్ కొట్టే పెద్ద స్పీకర్, అదే సబ్) ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది, షాపుకి తీస్కెళ్తే ఆంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) మార్చెయ్యమంటున్నారు, ఏం చెయ్యమంటారు అని. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి పెట్టి ఈ సంచికలో దీని గురించే మాట్లాడుకుందాం. ముందుగా ఒక్క మాట. ఆంప్ దానంతటదే ఆగి దానంతటదే వస్తోందంటే చాలాసార్లు ఆంప్ బాగానే ఉన్నట్టు, లోపలున్న ప్రొటెక్షన్ సర్క్యూట్ ఏదో తేడా చూసి ఆపుతోంది, ఆ తేడా ఎక్కడుందో తేలేదాకా దయచేసి జేబులో చెయ్యి పెట్టకండి.

ప్రశ్న: అన్నా, నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. డిక్కీల 12 ఇంచుల సబ్ ఒకటి, దానికి మోనోబ్లాక్ (ఒకటే ఛానల్ ఉండే) ఆంప్, 2 ఓమ్స్ కాడ 500 వాట్స్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇచ్చే పవర్) అని రాసుంది. సబ్ డ్యూయల్ కాయిల్ది, రెండు 4 ఓమ్స్ కాయిల్స్ పారలల్ జేసి ఇచ్చిన్రు. వైరింగ్ కిట్ 8 గేజ్. వాల్యూమ్ 20 దాకా మస్తు కొడ్తది, 24 దాటినంక గట్టిగ బేస్ వచ్చినప్పుడల్లా సబ్ టక్కున ఆగి ఒక్క సెకన్ల మళ్ల వస్తది. రాత్రిపూట ఏసీ, లైట్లు వేస్కొని సిగ్నల్ కాడ ఆగితే ఇంకా ఎక్కువ. హైవే మీద పోతుంటే అంత రాదు. షాపాయన ఆంప్ పోయింది, కొత్తది 14 వేలు అయితది అన్నడు. నిజంగనే పోయిందా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: బ్రదర్, మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. పాడైపోయిన ఆంప్‌కి రాత్రీ పగలూ తేడా తెలీదు, సిగ్నల్ దగ్గరైనా హైవే మీదైనా ఒకేలా మొరాయిస్తుంది. మీది ఏసీ, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉండి ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడే ఎక్కువ చేస్తోంది, అంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంట్ తయారుచేసేది) తక్కువ కరెంట్ ఇచ్చే టైమ్‌లోనే ఎక్కువ చేస్తోంది. ఆంప్ దాకా వోల్టేజ్ సరిగ్గా చేరట్లేదని నా గట్టి అనుమానం. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా చివరి పొలంలో ఉన్న మోటారు లో వోల్టేజ్‌కి ట్రిప్ అవుతుంది చూడండి, అచ్చం అదే కథ, అక్కడ మోటారు మార్చినా ట్రిప్ అవ్వడం ఆగదు.

లెక్క చూద్దాం. 500 వాట్స్ బయటికి ఇవ్వాలంటే క్లాస్ డి (కరెంట్ తక్కువ వృథా చేసే రకం) ఆంప్ 80 శాతం ఎఫిషియెన్సీతో పనిచేస్తుందనుకున్నా లోపలికి 625 వాట్స్ తీస్కోవాలి, 13 వోల్టుల దగ్గర అది 48 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైర్ 5 మీటర్లు వేస్కోండి. నిఖార్సైన 8 గేజ్ రాగి వైర్ అయితే మీటరుకి 2 మిల్లీ ఓమ్స్ పైచిలుకు, 5 మీటర్లకి 10, అంటే అర వోల్టు వైర్‌లోనే పోద్ది. ఇది నిజమైన రాగి అయితేనే. చవక కిట్లలో వచ్చేది ఎక్కువగా రాగి పూత పూసిన అల్యూమినియం, దాని రెసిస్టెన్స్ రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు, అప్పుడు పోయేది ముప్పావు వోల్టు. దానికి తోడు ఫ్యూజ్ హోల్డర్లో కొంత, బాడీ ఎర్త్ దగ్గర ఇంకొంత. ఐడిల్‌లో ఏసీ, లైట్లతో బ్యాటరీ దగ్గరే 12.8 ఉందనుకోండి, బేస్ కొట్టిన ఆ క్షణంలో బ్యాటరీ కూడా కాస్త కుంగుతుంది, హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండే 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ పాతబడితే ఇంకా ఎక్కువ కుంగుతుంది, ఇవన్నీ పోగా ఆంప్ టెర్మినల్ దగ్గర 10, 10న్నర మిగిలినా ఆశ్చర్యం లేదు. చాలా ఆంప్‌లు 10 వోల్టుల చుట్టుపక్కల ఆపేస్కుంటాయి. ఆగగానే కరెంట్ లాగడం ఆగుతుంది, వోల్టేజ్ లేస్తుంది, ఆంప్ మళ్ళీ ఆన్ అవుతుంది. మీరు చెప్పిన ఆ ఒక్క సెకను అదే.

ఇది నా మాట మీద నమ్మొద్దు, మీరే కొలవండి. నాలుగైదు వందల్లో వచ్చే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ ఆంప్ ప్లస్ టెర్మినల్ మీద, నల్లది ఆంప్ గ్రౌండ్ టెర్మినల్ మీద, బ్యాటరీ మీద కాదు, ఆంప్ స్క్రూల మీదే పెట్టాలి. పాటతో కొలిస్తే అంకెలు గంతులేస్తాయి, మీటర్ ఆ చిన్న డిప్‌ని పట్టుకోలేదు, అందుకని ఫోన్లో 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఒకటి పెట్టుకుని మెల్లగా వాల్యూమ్ పెంచండి, నాలుగైదు సెకన్లు చాలు, అంతకంటే ఎక్కువ సేపు వద్దు, కాయిల్ కాలిపోద్ది. అదే టైమ్‌లో ఇంకొకళ్ళు బ్యాటరీ దగ్గర ఇంకో మీటర్ పెడితే మరీ మంచిది. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి ఆంప్ దగ్గర 11 ఉందా, దొంగ మధ్యలో ఉన్నాడు. రెండు చోట్లా 11 ఉందా, బ్యాటరీనో ఆల్టర్నేటరో చూడాలి. రెండు చోట్లా 13 పైనే ఉండి కూడా ఆంప్ ఆగిపోతోందా, అప్పుడు నా అనుమానం తప్పు, కింద ట్రాక్టర్ రైతుకి చెప్పిన లోడ్ (స్పీకర్ ఓమ్స్) లెక్క చూస్కోండి.

మధ్యలో ఉన్న దొంగని పట్టుకోవాలంటే ఒక్కో ముక్కా విడిగా కొలవాలి. టోన్ మోగుతుండగానే ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఆంప్ గ్రౌండ్ స్క్రూ మీద పెట్టండి, ప్రోబ్ అందకపోతే ఏదైనా సన్న వైర్‌తో పొడిగించుకోవచ్చు. 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బావున్నట్టు, అర వోల్టు వస్తే అక్కడే తేడా. అలాగే బ్యాటరీ ప్లస్‌కీ ఆంప్ ప్లస్‌కీ మధ్య, తర్వాత ఫ్యూజ్ హోల్డర్ ఈ చివరకీ ఆ చివరకీ మధ్య. మీటర్‌ని కంటిన్యూటీలో (వైర్ తెగలేదని బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి బీప్ వచ్చింది కాబట్టి వైర్ బావుందనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, మెకానిక్కులు కూడా. ఆ బీప్ మిల్లీ ఆంపియర్లతో వచ్చేది, ఒక్క పోగు తగులుతున్నా వచ్చేస్తుంది, 48 ఆంపియర్లు పారితే ఆ ఒక్క పోగు ఏమవుతుందో బీప్ చెప్పదు.

ముఖ్యంగా బానెట్ కింద ఫ్యూజ్ హోల్డర్ విప్పి చూడండి. మీ కిట్‌లో గాజు గొట్టం ఫ్యూజ్ వచ్చి ఉంటే అనుమానం ఇంకా ఎక్కువ. మూత తీశాక ప్లాస్టిక్ ఒకవైపు గోధుమ రంగులోకి తిరిగి కొంచెం సాగినట్టు ఉంటుంది, ఫ్యూజ్ చివర ఉన్న లోహం టోపీ రంగు మారి వేలితో తిప్పితే కదులుతుంది, వైర్‌ని పట్టుకునే చిన్న అలెన్ స్క్రూ కింద పోగులు సగం బయటికి చెదిరి ఉంటాయి. లోపల ఫ్యూజ్ తీగ మాత్రం శుభ్రంగా ఉంటుంది, అందుకే ఎవ్వరికీ అనుమానం రాదు. ఇలా ఉంటే హోల్డర్ పారేసి బోల్టుతో బిగించే చదును ఏఎన్‌ఎల్ ఫ్యూజ్ హోల్డర్ వేస్కోండి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి.

బాడీ ఎర్త్ సంగతి. డిక్కీలో ఏదో ఒక బోల్టు కింద పెట్టేసి మ్యాట్ కప్పేస్తారు, కింద పెయింట్ అలాగే ఉంటుంది, కరెంట్ అంతా బోల్టు మరల్లోంచే వెళ్ళాలి. సీట్ బెల్ట్ బోల్టు మాత్రం ముట్టుకోవద్దు, అది ప్రాణాలకి సంబంధించింది. బాడీకి వెల్డ్ అయిన మందపాటి రేకు చూస్కుని, ఎమరీ పేపర్‌తో పెయింటూ ప్రైమరూ పోయి తెల్లగా మెరిసేదాకా రుద్ది, వైర్ చివరి లగ్ (లోహపు రింగు) గట్టిగా నొక్కి క్రింప్ చేసి, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి, పైన కొంచెం పెయింట్ గానీ గ్రీజు గానీ రాస్తే తుప్పు పట్టదు. ఎర్త్ వైర్ కూడా ప్లస్ వైర్ మందమే ఉండాలి, పొడవు అర మీటరు దాటకూడదు. ప్లస్‌కి మందం వైర్ వేసి ఎర్త్‌కి సన్నది వేస్తే వేసిన డబ్బు వేసినట్టే వృథా.

వైర్ మార్చాల్సి వస్తే 4 గేజ్ రాగి తీస్కోండి. షాపులో గేజ్ అని ఎన్నో చెప్తారు గానీ లోపలి రాగి మందం అడగండి, 4 గేజ్ అంటే సుమారు 21 స్క్వేర్ ఎంఎం, 8 గేజ్ అంటే 8న్నర లోపు. పైన రబ్బరు లావుగా పోసి లోపల సన్నగా ఉండే వైర్లు చూస్తే కడుపు మండుతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం. మంచి కిట్ దొరక్కపోతే 25 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ బాగా పనికొస్తుంది, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు, పెద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు, కాకపోతే బానెట్ కింద వేడికీ ఆయిల్‌కీ తట్టుకునే స్లీవ్ ఎక్కించాలి. 14 వేల ఆంప్ కంటే ఇదంతా చాలా తక్కువలో అయిపోద్ది.

ప్రశ్న: సార్, నాకు ఎఫ్‌ఎం పెడితే సబ్ బ్రహ్మాండంగా వస్తోంది, బ్లూటూత్‌కి మారిస్తే రెండు సెకన్లలో ఆగిపోతోంది, ఆంప్ మీద లైట్ కూడా ఆరిపోతోంది. ముందు స్పీకర్లు మామూలుగానే పాడుతున్నాయి. కొత్త స్టీరియో పెట్టించినప్పటినుంచే ఇలా. స్టీరియోలో బ్లూటూత్ పాడైందంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, లైట్ ఆరిపోతోందని గమనించి రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో పని తేలికైపోయింది. ప్రొటెక్ట్ అయితే ఎర్ర లైట్ వెలగాలి, పూర్తిగా ఆరిందంటే ఆంప్‌ని ఎవరో స్విచ్ ఆఫ్ చేస్తున్నారు. ఆ స్విచ్ పని చేసేది రిమోట్ వైర్. బయట కొనే స్టీరియోల వెనక మామూలుగా రెండు నీలం వైర్లు వస్తాయి, ఒకటి పూర్తి నీలం, ఒకటి నీలం మీద తెల్ల గీత ఉన్నది. తెల్ల గీత ఉన్నది ఆంప్‌కి, పూర్తి నీలం పవర్ యాంటెన్నాకి. కొన్ని స్టీరియోల్లో యాంటెన్నా వైర్‌లో రేడియో మోగుతున్నప్పుడు మాత్రమే 12 వోల్టులు ఉంటాయి, బ్లూటూత్‌కో యూఎస్‌బీకో మార్చగానే యాంటెన్నా అవసరం లేదు కాబట్టి ఆఫ్ చేసేస్తుంది. మీ ఫిట్టర్ తొందర్లో ఆ రెంటినీ తారుమారు చేసుంటాడు. తెల్ల గీత వైర్‌కి మార్చమనండి, ఐదు నిమిషాల పని, బ్లూటూత్‌కి ఏమీ కాలేదు.

సరైన వైర్‌కే ఉండి కూడా ఆరిపోతుంటే ఆంప్ రిమోట్ టెర్మినల్ దగ్గర వోల్టేజ్ చూడమనండి, 11, 12 ఉండాలి. ఉండీ పోతూ ఉంటే మధ్యలో ఎక్కడో మెలిపెట్టి టేప్ చుట్టిన జాయింట్ ఊడుతున్నట్టు. పరీక్షకి ఆంప్ దగ్గరే ప్లస్ నుంచి రిమోట్‌కి చిన్న వైర్ ముక్క తగిలించి చూడొచ్చు, అప్పుడు ఆగకుండా వస్తే తప్పు రిమోట్ వైర్‌దే. చూశాక ఆ ముక్క తీసెయ్యడం మాత్రం మర్చిపోవద్దు, వదిలేస్తే ఆంప్ రాత్రంతా ఆన్‌లోనే ఉండి పొద్దున సెల్ఫ్ కొట్టదు.

ప్రశ్న: మా కార్లో కంపెనీ టచ్‌స్క్రీనే ఉంచి, వెనక స్పీకర్ వైర్ల నుంచి ఆంప్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఇచ్చారు. నెమ్మదిగా మొదలయ్యే పాటల్లో మొదటి బీట్లకి సబ్ రాదు, మధ్యలో సైలెంట్‌గా ఉండే చోట కూడా ఆగి లేట్‌గా వస్తుంది. ఎక్కువ సౌండ్ పెడితే మాత్రం బేస్ పల్చబడుతోంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. మొదటిది, మీ ఆంప్‌కి రిమోట్ వైర్ ఇచ్చి ఉండరు, స్పీకర్ వైర్లో సిగ్నల్ వస్తే ఆన్, లేకపోతే ఆఫ్ అయ్యే ఆటో పద్ధతిలో పెట్టుంటారు. సిగ్నల్ సన్నబడితే ఆంప్ నిద్రపోతుంది, మళ్ళీ లేవడానికి టైమ్ తీస్కుంటుంది. స్విచ్‌ని రిమోట్‌కి మార్చి, తాళం తిప్పితే ఆన్ అయ్యే ఏదైనా ఫ్యూజ్ నుంచి, పక్కన ఇంకో ఫ్యూజ్ పెట్టుకునే ట్యాప్‌తో సన్న వైర్ లాగమనండి, సరిపోద్ది. రెండోది ఆంప్ తప్పు కాదు. కంపెనీ స్టీరియోలు కొన్ని వాల్యూమ్ పెరిగేకొద్దీ చిన్న స్పీకర్లు చిరగకుండా బేస్‌ని అవే తగ్గించేస్తాయి, తగ్గిన సిగ్నలే ఆంప్‌కి వస్తుంది. దానికి బేస్ తిరిగి నింపే ప్రాసెసర్ పెట్టుకోవాలి, లేదా వాల్యూమ్ మధ్యలో ఉంచి ఆంప్ గెయిన్ (స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టే నాబ్) దానికి తగ్గట్టు సెట్ చేస్కోవాలి. ముందు రెండోది చేసి చూడండి, ఖర్చు లేదు.

ప్రశ్న: నమస్తే అన్న. మా ట్రాక్టర్‌కి సౌండ్ పెట్టించినం, 4 ఛానల్ ఆంప్, 12 ఇంచుల సబ్‌లు రెండు, ఒక్కోటి 4 ఓమ్స్. రెండిటినీ కలిపి వెనక రెండు ఛానళ్ళ బ్రిడ్జ్‌కి ఇచ్చిన్రు, ముందు ఛానళ్ళు ఖాళీగనే ఉన్నయి. సౌండ్ పెంచితే ఎర్రలైట్ పడి బంద్ అయితది, ఆఫ్ జేసి ఆన్ జేస్తెనే వస్తది. ఆంప్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఫ్యాన్ పెడితే సరిపోతదా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: ఫ్యాన్‌తో తీరేది కాదన్నా. రెండు 4 ఓమ్స్ సబ్‌లు కలిపి ఒకే చోట ఇస్తే, అంటే పారలల్‌లో, ఆంప్‌కి కనిపించేది 2 ఓమ్స్. 4 ఛానల్ ఆంప్‌లు బ్రిడ్జ్‌లో (రెండు ఛానళ్ళు కలిపి ఒకటిగా వాడటం) మామూలుగా 4 ఓమ్స్ కంటే తక్కువ మొయ్యవు, ఎందుకంటే బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో ఛానల్‌కి పడేది అందులో సగం, మీ లెక్కన 1 ఓమ్. ఆంప్ మీద స్పీకర్ టెర్మినల్స్ దగ్గర గానీ పుస్తకంలో గానీ ‘బ్రిడ్జ్‌డ్ మినిమమ్ 4 ఓమ్స్’ అని ఉంటుంది చూడండి. కరెంట్ ఎక్కువ లాగుతుంది కాబట్టి వేడెక్కుతుంది, పెంచగానే ఎర్రలైట్ వేసి ఆగిపోతుంది, అది చేస్తున్నది కరెక్టే.

మీ ముందు ఛానళ్ళు ఖాళీగా ఉన్నాయన్నారు, అది అదృష్టం. ముందు రెండు ఛానళ్ళు బ్రిడ్జ్ చేసి ఒక సబ్, వెనక రెండు బ్రిడ్జ్ చేసి ఇంకో సబ్ ఇవ్వండి, ఒక్కో దానికి 4 ఓమ్స్ అవుతుంది, ఆంప్ చల్లగా ఉంటుంది, సౌండ్ కూడా తగ్గదు. రెండు వైపులా ఫిల్టర్ ఎల్‌పీఎఫ్ (బేస్‌ని మాత్రమే పోనిచ్చేది) 80 హెర్ట్జ్ దగ్గర, గెయిన్ ఒకేలా పెట్టాలి, సబ్‌ల ప్లస్ మైనస్ తారుమారు అయితే ఒకటి ముందుకి ఒకటి వెనక్కి కొట్టుకుని బేస్ మాయమైపోద్ది, అది చూస్కోండి. ట్రాక్టర్ డైనమో కార్లలో కంటే చిన్నదే ఎక్కువగా ఉంటుంది, ఊరేగింపులో ఇంజిన్ స్లోలో పెట్టి గంటలు గంటలు మోగిస్తే బ్యాటరీనే మోసేది, మీటర్‌లో 12 కంటే కిందకి దిగిందంటే సౌండ్ తగ్గించండి లేదా రేస్ కొంచెం పెంచండి. దుమ్ము కూడా ఆంప్ ఫిన్ల మధ్య గట్టిగా పేరుకుని ఉంటుంది, బ్లోయర్ కొట్టించండి.

ఈ సందర్భంలోనే అందరికీ పనికొచ్చే మాట ఒకటి. ఆంప్ ఆగే తీరు చూస్తే కారణం దాదాపు తెలిసిపోద్ది. బేస్ కొట్టిన క్షణం ఆగి వెంటనే వస్తే వోల్టేజ్. అరగంట బాగా పాడి, ఆగి, పది పదిహేను నిమిషాలు చల్లారాక వస్తే వేడి. ఎర్రలైట్ పడి ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా రాకపోతే స్పీకర్ల ఓమ్స్ మరీ తక్కువవడమో, స్పీకర్ వైర్ ఎక్కడో షార్ట్ అవ్వడమో. స్పీకర్ వైర్లు పూర్తిగా పీకేసినా ఎర్రలైట్ వెలుగుతుంటే అప్పుడు మాత్రం ఆంప్ లోపలే పోయింది, రిపేర్‌కి ఇవ్వండి.

ప్రశ్న: ఆంప్ లైట్ పచ్చగానే ఉంటుంది, సబ్ మాత్రం ఆగిపోతుంది. డిక్కీ తీసి బాక్స్ మీద ఒక్కటి కొడితే మళ్ళీ వస్తుంది. ఆంప్ వేరే స్నేహితుడి కార్లో పెట్టి చూశాను, బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆంప్ మార్చి చూడటం మంచి పని చేశారు, ఇక సబ్ వైపే చూడాలి. ముందు బాక్స్ వెనక ప్లాస్టిక్ టెర్మినల్ చూడండి, బేస్ అదురుకి స్ప్రింగ్ క్లిప్పులు వదులవుతాయి, పోగులు అటూ ఇటూ చెదిరి పక్కదానికి తగులుతుంటే ఇంకా ప్రమాదం. అది బాగుంటే స్క్రూలు విప్పి సబ్ బయటికి తియ్యండి. టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్ళే మెత్తటి అల్లిక తీగలు ఉంటాయి, కోన్ ముందుకీ వెనక్కీ కొట్టినప్పుడల్లా వంగేవి అవే. ఏళ్ళ తరబడి వంగీ వంగీ కోన్ దగ్గర గానీ టెర్మినల్ టంకం దగ్గర గానీ లోపల్లోపల తెగుతాయి, పైన బట్ట నూలు పట్టుకుని ఉంటుంది కాబట్టి చూడ్డానికి బాగానే ఉన్నట్టుంటాయి. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి సబ్ టెర్మినల్స్‌కి తగిలించి, రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని అన్ని వైపులా సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. 4 ఓమ్స్ కాయిల్ మీటర్లో 3.2 నుంచి 3.7 మధ్య చూపిస్తుంది, నొక్కుతున్నప్పుడు అంకె నిలకడగా ఉండాలి. ఎగిరి ఓపెన్ చూపించిందంటే దొరికింది. డ్యూయల్ కాయిల్ అయితే రెండు కాయిల్స్ విడివిడిగా చూడాలి, ఒకటి పోయినా రెండోదాని మీద సన్నగా మోగుతూనే ఉంటుంది. నొక్కుతుంటే గరగరా రాసుకుంటోందంటే కాయిల్ కాలి ఉబ్బినట్టు, దానికి కోన్ కిట్ మార్చాలి. అల్లిక తీగ ఒక్కటే అయితే కోన్ రిపేర్ చేసేవాళ్ళు వందల్లో మార్చేస్తారు, కొత్త సబ్ కొనొద్దు. తీగ బిగుతుగా పెడితే మళ్ళీ తెగుద్ది, వదులుగా పెడితే కోన్‌కి తగిలి టపటపా అంటుంది, అది చెప్పి చేయించుకోండి.

ప్రశ్న: లారీ డ్రైవర్ని సార్. మా బండి 24 వోల్టులు, బ్యాటరీలు రెండు. ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసి ఆంప్‌కి ఇచ్చాను. కొన్నాళ్ళు బాగా వచ్చింది, ఇప్పుడు ఆగిపోతోంది, సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నా, వెంటనే ఆ కనెక్షన్ తీసెయ్యండి. రెండు బ్యాటరీలూ సిరీస్‌లో ఉంటాయి, ఆల్టర్నేటర్ రెండిటికీ కలిపి 28 వోల్టులు ఇస్తుంది, ఎవరికెంత అని అది చూడదు. మీరు ఒకదాన్నే వాడుతుంటే అది ఎప్పటికీ సగం ఛార్జ్‌లోనే ఉంటుంది, రెండోది అతిగా ఛార్జ్ అయ్యి నీళ్ళు మరిగిపోతాయి. చివరికి రెండూ పోతాయి, రాత్రిపూట లోడ్‌తో ఘాట్‌లో ఆగితే ఆ బాధ మీకే తెలుసు. ఆటోనగర్‌లో 24 నుంచి 12 వోల్టులకి తగ్గించే కన్వర్టర్ దొరుకుతుంది, రెండు బ్యాటరీల చివర్ల నుంచి దానికిచ్చి, దాన్నుంచి ఆంప్‌కి ఇవ్వాలి. ఎన్ని ఆంపియర్లో చూసి కొనండి, ఆంప్ మీద 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే 10 ఆంపియర్ల కన్వర్టర్ మళ్ళీ బేస్ కొట్టినప్పుడల్లా ఆగిపోద్ది. బ్యాటరీలు రెండూ విడదీసి ఒక్కోటి విడిగా ఫుల్ ఛార్జ్ చేయించి డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడండి, ఒకటే మార్చాల్సి వస్తే రెండూ కలిపి మార్చడమే నయం.

ప్రశ్న: సబ్ ఆగకుండా ఉండాలంటే 1 ఫారడ్ కెపాసిటర్ (కరెంట్ దాచుకుని అవసరానికి వదిలేది) పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు వైర్, ఎర్త్, బ్యాటరీ చూస్కోండి. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 13కి దిగేలోపు ఇవ్వగలిగేది 13న్నర జౌళ్ళ ఎనర్జీ, ఆంప్ 600 వాట్స్ లాగుతుంటే అది సెకనులో నలభయ్యో వంతుకి కూడా చాలదు. లైట్లు కొంచెం తక్కువ మినుకుతాయి, అంతే. ఆ డబ్బుతో మంచి ఎర్త్ వైర్ వేయించుకోండి. కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ ఉంటే ఎర్త్‌ని ఆ టెర్మినల్‌కి నేరుగా బిగించొద్దు, బాడీకే ఇవ్వండి, లేకపోతే ఆంప్ లాగే కరెంట్ సెన్సర్ లెక్కలోకి రాదు.

ప్రశ్న: ఆంప్ మీద 2000 వాట్స్ అని ఉంది, మీద 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఒకటే. బ్యాటరీ దగ్గర ఉన్న 30 ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంది, షాపులో 100 వేసెయ్యమన్నారు. వెయ్యనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు, దయచేసి వెయ్యకండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఉన్నది ఆంప్ కోసం కాదు, వైర్ కోసం. వైర్ ఎక్కడైనా బాడీకి తగిలితే ఫ్యూజ్ పోవాలి, 100 వేస్తే సన్న వైర్ ముందు కాలుతుంది, కార్పెట్ అంటుకుంటుంది. మీ ఆంప్ నిజంగా ఇచ్చేది కూడా లెక్కేస్కోండి, 30 ఆంపియర్లు ఇంటూ 13.8 వోల్టులు 414 వాట్స్ లోపలికి, 80 శాతం బయటికొస్తే 330. పెట్టె మీది 2000 చూసి గెయిన్ పూర్తిగా తిప్పేసి ఉంటారు, గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి, సబ్ వైర్లు తీసేసి, 50 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ మీద చూడండి, 300 వాట్స్ 4 ఓమ్స్‌కైతే 34.6 వోల్టులు, 2 ఓమ్స్‌కైతే 24.5, అక్కడితో గెయిన్ ఆపెయ్యండి, బేస్ బూస్ట్ సున్నా మీద ఉండాలి.

అలా పెట్టాక కూడా ఫ్యూజ్ పోతుంటే ఆంప్ నుంచి ప్లస్ వైర్ పీకి చివర టేప్ చుట్టి, ఎక్కడా తగలకుండా పెట్టి, కొత్త 30 వేసి చూడండి. అప్పుడూ పోతే వైర్ దారిలోనే ఎక్కడో కోసుకుంది. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో చూడండి, డోర్ కింద ప్లాస్టిక్ పట్టీ విప్పి స్క్రూ ఏదైనా వైర్లోకి దిగిందేమో చూడండి, సీటు రైలు కింద నలిగిందేమో చూడండి. దొరికిన చోట టేప్ చుట్టి వదిలెయ్యకుండా ఆ వైర్ మొత్తం మార్చేస్కోండి. అది అయ్యేదాకా ఫ్యూజ్ తీసి గ్లోవ్ బాక్స్‌లో పెట్టి బండి నడపండి.